కనెటికట్ బెత్తాలు

బెతెల్, మస్కింగమ్ నది ఒడ్డు
1797 అక్టోబరు 10

అన్నయ్యా,

చేదు వార్తను చివరిదాకా దాచి చెప్పడం నాకు చేతకాదు. మీ బావ రూబెన్ ఇక లేరు. ఆగస్టులో ఈ నది పక్కన ఇంటింటికీ వచ్చే చలిజ్వరమే ఆయనకూ వచ్చింది. అందరికీ వచ్చినట్టే వచ్చింది గానీ అందరికీ తగ్గినట్టు తగ్గలేదు. అడవి కొట్టి మేమిద్దరం బాగుచేసుకున్న చేను గట్టునే ఆయన్ని పాతిపెట్టాం. ఏడవాల్సినంతా ఏడ్చేశాను. టాబితాకి తొమ్మిదో ఏడు నడుస్తోంది. నాన్న ఏడని అడగదు, కానీ రోజూ ఆయన గొడ్డలికి నూనె రాస్తుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. భూమి కంపెనీ వాళ్లు మాకు పొలం ఉత్తినే ఇచ్చారని మన ఊళ్లో చెప్పుకుంటున్నారట. ఉత్తినే ఎవరిస్తారు? మూడేళ్లలో ఇల్లు కట్టాలి, చేను దున్నాలి, అంటు కట్టిన ఆపిల్ చెట్లు యాభై నిలబెట్టాలి. ఇల్లుంది, చేనుంది. ఆపిల్ దగ్గరే ఆగిపోయాం. గింజ వేసి మొలిపించినవి లెక్కలోకి రావు. గింజ ఎవడైనా విసిరేసి పోగలడు, అంటు కట్టినవాడు మాత్రం కాపు చూడకుండా కదలడు అని వాళ్ల నమ్మకం. ఆ మాట మాత్రం నాకూ నచ్చింది. మీ బావ ఆపిల్ రసం తీసే సైడరు మిల్లు నుంచి పిప్పి తెచ్చి, అందులోని గింజలు చల్లి, మొక్కల్ని బొటనవేలి లావు దాకా పెంచి వెళ్లారు. ఈ వసంతంలో వాటికి అంటు కట్టాలి. వచ్చే అక్టోబరులో కమిటీ వచ్చి లెక్కపెడుతుంది. ఒక్క చెట్టు తగ్గినా పొలం వెనక్కి పోతుంది. ఇల్లూ, ఆయన సమాధీ దానితోపాటే పోతాయి.

అందుకని నాన్న చెట్టు కొమ్మలు నాకు కావాలి. అదే, పెరటి గోడ పక్కనున్న గరుకుతోలు ఆపిల్. జనవరిలో చెట్టు నిద్రలో ఉన్నప్పుడు కోసి, తడినాచులో చుట్టి, ఇటు వచ్చేవాళ్ల బండిలో పంపు. ఇక్కడ అందరివీ నిన్నమొన్నటి మొక్కలే, ఒకరికి కొమ్మ ఇచ్చేంత చెట్టు ఎవరి దగ్గరా లేదు.

ఇంకో మాట. నది వంపులో పాత ఆపిల్ మోళ్లు వరసగా ఉన్నాయి. మనవాళ్లు నాటినవి కావు, మనకంటే ముందు ఇక్కడున్న డెలావేరు తెగవాళ్లవి. యుద్ధంలో సైన్యం వచ్చి నరికేసిందట. సలోమె అని ఒక డెలావేరు ముసలమ్మ ఏటా వచ్చి ఆ మోళ్ల దగ్గర కాసేపు కూర్చుని పోతుంది. నిన్న మా ఇంటికొచ్చి మొక్కజొన్న రొట్టె తింది. ‘అవ్వా, ఎన్ని చెట్లుండేవి?’ అని అడిగితే చేయి చాచి ఒడ్డంతా చూపించింది. యాభై కంటే ఎక్కువే ఉంటాయి అన్నయ్యా. ఆమెకు మాత్రం ఎవరూ పొలం కాగితం ఇవ్వలేదు.

కొమ్మలు మరిచిపోకు. మెహిటబెల్ వదినను అడిగానని చెప్పు.

నీ చెల్లెలు
జెరూషా


విండమ్, కనెటికట్
1797 డిసెంబరు 2

చెల్లీ,

నీ ఉత్తరం పోయిన వారం అందింది. రూబెన్ మంచివాడు. మన ఊరు వదిలిపెట్టి ఆ అడవిలో పడ్డాడన్న కోపం తప్ప అతని మీద నాకు వేరే కోపం ఎప్పుడూ లేదు, ఇప్పుడు అదీ లేదు. పాస్టరుగారు ఆదివారం అతని పేరు చెప్పి ప్రార్థన చేశారు. మీ వదిన వెక్కివెక్కి ఏడ్చింది. ముందు బల్లవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు కూడా.

ఇక నా మాట విను. ఆడదానివి, ఒంటరిదానివి, చేతికింద చిన్నపిల్ల. ఆ పొలం పట్టుకుని వేలాడి ఏం బావుకుంటావు? ఇంటికి రా. ప్రార్థనామందిరంలో మన ఇంటివాళ్లకి రెండో వరస బల్ల ఇచ్చారు, నాన్న రోజుల్లో నాలుగో వరస ఉండేది, గుర్తుందిగా. అందులో నీ చోటు ఖాళీగానే ఉంది. మన మందిరం పెద్ద డీకన్ జెబులన్ ప్రాట్‌గారి భార్య పోయి ఏడాది దాటింది. ఆయన మొన్న నా దగ్గర ఆగి నీ సంగతి అడిగాడు. మంచి ఇల్లు, ఇటుక పొగగూడు, గొర్రెలు బోలెడు. వయసు కాస్త ఎక్కువేగానీ నోట్లో పళ్లు ఇంకా సగం పైనే ఉన్నాయి. ఆయన రెండోసారి అడిగేలోగా జవాబు చెప్పాలి.

మన పంది మళ్లీ గోడ దూకి పాస్టరుగారి తోటలో పడింది. ఈ ఊళ్లో నా పరువు దాని కాళ్ల కింద ఉంది.

కొమ్మల సంగతి అడిగావు. చూద్దాం.

నీ మేలు కోరే
ఎలిఫలెట్


బెతెల్
1798 ఫిబ్రవరి 6

అన్నయ్యా,

తపాలా డబ్బు కట్టి మరీ విడిపించుకున్నాను నీ ఉత్తరాన్ని. డబ్బిచ్చి తిట్లు కొనుక్కోవడం అంటే ఇదే కాబోలు.

మొగుణ్ణి పోగొట్టుకున్నదానికి నువ్వు పంపిన ఓదార్పు డీకన్ జెబులన్ పళ్లా? వాటిని ఆయన్నే జాగ్రత్తగా చూసుకోమను. నేను ఒంటరిదాన్ని కాదు. నాకు కూతురుంది, ఆవుంది, తుపాకీ ఉంది, దాన్ని పేల్చడం వచ్చు. మొన్న మంచులో తోడేలు దొడ్లోకి వస్తే రెండు అడుగుల దూరం నుంచి చూశాం ఒకరినొకరం. వెనక్కి తగ్గింది అదే.

నీకు పరువంటే మందిరంలో రెండో వరస. నాకు పరువంటే ఈ నేల. నేను నరికిన చెట్ల మొదళ్లు ఇంకా ఆ చేలో ఉన్నాయి. రూబెన్ కట్టిన గుమ్మం మీద చేయి పెట్టి రోజూ లోపలికి వెళ్తాను. దీన్ని వదిలేసి వచ్చి ఇంకొకరి పొయ్యి దగ్గర గంజి కలపమంటావా?

‘చూద్దాం’ అన్నావు. అడిగింది నాలుగు పుల్లలు అన్నయ్యా! చెట్టు అడగలేదు, తోట అడగలేదు. తోటంతా నీకే ఇచ్చి పోయాడుగా నాన్న. నేను ఏనాడూ నోరెత్తలేదు, ఇప్పుడెత్తుతున్నాను. నాన్న తోట నీకిచ్చాడు, చెయ్యి నాకిచ్చాడు. అంటు కడితే నాది పట్టేది, నీది ఎండేది. ఊరందరికీ తెలుసు ఆ మాట. ఆ కొమ్మలు నీ దగ్గరుండి ఏం లాభం?

జెరూషా


విండమ్
1798 మార్చి 26

జెరూషా,

నీ ఉత్తరం చదివాను. రెండోసారి చదవలేదు.

నేను పంపినదాని గురించి ఒక్క ముక్క లేదు అందులో. సరే. ఈపాటికి అంది ఉంటుంది, కళ్లతో చూసుకుని ఉంటావు. అయినా నోటి వెంట మంచి మాట రాలేదంటే నేను చెప్పేదేముంది? చేసినదాన్ని డప్పు కొట్టుకోవడం నాకు అలవాటు లేదు.

నాన్న నా చేతి గురించి అన్న మాటలు నాకూ గుర్తే. నువ్వు గుర్తు చేయనక్కర్లేదు.

మీ వదిన టాబితాకి ఉన్ని మేజోళ్లు అల్లింది. ఎవరైనా అటు వస్తే పంపుతుంది.

ఎలిఫలెట్


బెతెల్
1798 ఏప్రిల్ 2

అన్నయ్యా,

నీ నుంచి జవాబు రాలేదు. కోపంలో ఉన్నావని తెలుసు. నాకూ తగ్గలేదు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఈ ఏడు చలి వదలడం లేదు, నదిలో మంచు ఇప్పుడిప్పుడే పగులుతోంది, పొలంలో పనీ లేదు, మనసులో మంట తప్ప పొయ్యిలో మంటా సరిగా లేదు.

మన కనెటికట్ వాళ్ల ఉదారత ఒకటి చెప్తాను, విను. ఇక్కడ దుంగలతో బడి కట్టాం. ఎనోక్ పంతులుగారని మన రాష్ట్రం మనిషే, చదువు బాగా చెప్తాడు. మొక్కై వంగనిది మానై వంగునా అని రోజుకోసారైనా అంటాడు, అన్నప్పుడల్లా ఒకర్ని వంచుతాడు. కాకపోతే ఇక్కడి కర్రలు పెళుసట, రెండో దెబ్బకే విరుగుతున్నాయట. ‘మన ఊళ్లో బెత్తాలే బెత్తాలమ్మా, ఇక్కడ చదువు ఎట్లా చెప్పేది?’ అని కనబడ్డ ప్రతివాళ్ల దగ్గరా మొత్తుకున్నాడు. పోయిన వారం నది దిగువనున్న మారియెటా పట్నం నుంచి వచ్చిన నావవాడు గోనెపట్టాలో చుట్టిన పుల్లల కట్ట ఒకటి తెచ్చి దింపాడు. పేరు తడిసి చెరిగిపోయింది, ‘కనెటికట్’ అన్న మాట ఒక్కటే మిగిలిందట. ఎవరో పుణ్యాత్ముడు మన బడికి బెత్తాలు పంపాడని మందిరంలో అందరూ నిలబడి స్తోత్రం చెప్పారు! పంతులుగారు వాటిని బంగారంలా చూసుకుంటున్నాడు. వంగే గుణం పోకుండా బడి వెనక ఊటలో, చల్లటి నీళ్లలో వేసి ఉంచుతాడట. రోజుకొకటి తీస్తాడట. చిన్నపిల్లలు ఇంటికి ఏడుస్తూ పోతున్నారు.

చూశావా? ఎవరో ముక్కూమొహం తెలియనివాడు పిల్లల్ని కొట్టడానికి కట్టెడు పుల్లలు పంపగలిగాడు. తోడబుట్టినవాడు చెల్లెలి పొలం నిలబెట్టడానికి పంపలేకపోయాడు.

ఇంకో మూడు వారాలు దాటితే అంటు కాలం అయిపోతుంది. ఇక నిన్ను అడగను.

జెరూషా


విండమ్
1798 మే 20

ఓసి పిచ్చిదానా!

ఆ బెత్తాలు నీవే! నీవే! నాన్న చెట్టు కొమ్మలవి! జనవరిలో మోకాలి లోతు మంచులో నిచ్చెన వేసుకుని, నా చేత్తో కోసి, తడినాచు చుట్టి, అటువైపు బయల్దేరిన పెక్ కుటుంబానికి అప్పగించాను. ‘మా చెల్లెలి చేతికే ఇవ్వండి’ అని వాళ్ల బండి వెనక ఊరి చివరిదాకా నడిచి చెప్పాను. ఇవాళ వాళ్ల బంధువుల దగ్గర కనుక్కుంటే తెలిసింది, పెక్‌కి జబ్బుచేసి మారియెటాలోనే ఆగిపోయారట, కట్టను ఏ నావవాడికో ఇచ్చేశారట.

నీకు ముందే ఎందుకు చెప్పలేదంటావు. మొదటి ఉత్తరంలో ‘చూద్దాం’ అన్నది నిన్ను ఇంటికి రప్పిద్దామని. నువ్వు రావని మీ వదిన ముందే చెప్పింది. ‘ఆ పిల్ల రాదు, మీరు నిచ్చెన తీయండి’ అంది. కట్ట విప్పినప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో అనుకుంటూ కోశాను. అదీ నా తెలివి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నీ కొమ్మలు నీ ఊళ్లో ఉండగా నువ్వు నన్ను తిట్టుకుంటున్నావు. వాటితో నా మేనకోడల్ని కొడుతున్నారు!

ఈ ఉత్తరం నీకు చేరేసరికి జులై. అంటు కాలం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. తెల్లారిందగ్గర్నుంచి ఇదే ఆలోచన. గుర్రానికి జీను వెయ్యమన్నాను. మీ వదిన అడ్డం వచ్చింది. ‘మీరు వెళ్లేసరికి ఆకులు రాలతాయి. హార్ట్‌ఫర్డ్ దాటి ఎప్పుడైనా వెళ్లారా?’ అంది. వెళ్లలేదు. జీను దింపించాను గానీ మనసు దింపుకోలేకపోయాను.

పొలం పోతే నా వల్ల పోయినట్టే. ఇక డీకన్ మాట ఎత్తను. పొలం ఉన్నా లేకపోయినా ఈ ఇంట్లో నీకు చోటుంది, అది మందిరం బల్ల మీద చోటు కాదు.

ఏం జరిగిందో రాయి. ఎంత చెడ్డదైనా సరే రాయి.

ఎలిఫలెట్


బెతెల్
1798 జులై 9

అన్నయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. మార్చిది చదివి తల పట్టుకున్నాను. మేది చదివి నవ్వాను, తర్వాత గుమ్మం మీద కూర్చుని ఏడ్చాను. టాబితా వచ్చి, ‘మామయ్య మళ్లీ తిట్టాడా అమ్మా?’ అంది.

ముందు నీ ప్రాణం కుదుటపడే మాట చెప్తాను. నువ్వు ఆ ఉత్తరం రాసే రోజుకే నీ కొమ్మలు చిగురేశాయి. ఇవాళ టాబితా మోచేయంత పొడుగున్నాయి.

జరిగింది ఇది. నీకు ఏప్రిల్ ఉత్తరం రాసిన వారానికే టాబితా బడిలో దెబ్బలు తింది. కీర్తన పాడుతుంటే పంతులుగారి మీద పిల్లి దూకిందట, ఇది నవ్విందట. ఏడుస్తూ వస్తుందనుకుంటే గెలిచి వచ్చినదానిలా వచ్చింది. విరిగిన బెత్తం ముక్క చేతిజోలెలో దాచుకుని తెచ్చింది. ‘నా మీద విరిగిందే అమ్మా! నేను విరగలేదు’ అని నా చేతిలో పెట్టింది. పొయ్యిలో వెయ్యబోతూ చూశాను. మొగ్గలు ఉబ్బి ఉన్నాయి. గోటితో గీకితే లోపల పచ్చగా ఉంది. బెత్తం పచ్చగా ఎందుకుంటుంది? కింది కొన తిప్పి చూశాను. ఏటవాలు కోత, కానీ అటునుంచి ఇటు కాదు, ఇటునుంచి అటు. ఎడమచేతి కోత. ఈ లోకంలో ఆపిల్ కొమ్మను, అదీ నాన్న చూడనప్పుడు, అలా కోసేవాడు నాకు తెలిసి ఒక్కడే.

చేతికి పిండి అంటుకుని ఉండగానే బడికి పరుగెత్తాను. పంతులుగారు లెక్కలు చెప్తున్నాడు.

‘పంతులుగారూ, ఆ బెత్తాలు ఇటివ్వండి.’

‘అమ్మా, మీ అమ్మాయి తప్పు చేసింది కాబట్టే...’

‘చేసే ఉంటుంది, దాని సంగతి నాకు తెలియదా? కావాలంటే ఇంకో రెండు వెయ్యండి. వీటితో మాత్రం కాదు. ఇవి మా నాన్న చెట్టు!’

ఊటలోంచి మిగిలినవన్నీ తీసి ఒళ్లో వేసుకుని బయటకొస్తుంటే పిల్లలు బల్లలెక్కి కేకలు పెట్టారు. అంత జయజయధ్వానం ఈ ఊళ్లో ఇంకెవరికీ దక్కలేదు. పాపం ఆ పంతులుగారు మంచిమనిషి. సాయంత్రం సిగ్గుపడుతూ వచ్చి, నేను అంటు కడుతుంటే మైనం ముద్ద కరిగించి ఇచ్చాడు. ‘నేను చేసిన ఒకే ఒక్క మంచిపని వీటిని నీళ్లలో ఉంచడం’ అన్నాడు. నిజమే అన్నయ్యా. నీకు రాయలేదు గానీ కట్ట వచ్చిన వారం నేను జ్వరంతో మంచం మీదున్నాను; మా ఇంటికి సూటిగా వచ్చి ఉంటే నా గదిలో, పొయ్యి పక్కన ఎండిపోయేవేమో. ఆయన ఊట చలే వాటిని నిద్రలో ఉంచింది.

కట్టలో సగం బడిపిల్లల వీపుల మీద ఖర్చయింది. మిగిలినవి ముక్కలు చేసి కట్టినా కొన్ని మొక్కలకు చాలలేదు. ఆ మర్నాడు నది వంపులో సలోమె అవ్వ కనబడింది. కొండ నీడలో ఆ మోళ్ల పిలకలు ఇంకా మొగ్గ విప్పలేదు. అడగడానికి నోరు రాలేదు. ఏ మొహంతో అడగను? నా చేతిలో కత్తి, ఒళ్లో పుల్లలు చూసి ఆమే అర్థం చేసుకుంది. లేచి వెళ్లి ఒక మోడు చూపించి, ‘ఇది తియ్యన’ అంది. పక్కదాన్ని చూపించి మొహం చిట్లించింది. తియ్యనిదానివే కోసుకున్నాను.

ఏప్రిల్‌లోనే ఎందుకు రాయలేదని అడుగుతావు. అంటు ఆకు విప్పేదాకా ఎవరితోనూ అనకూడదని నాన్న మాట కదా. నువ్వు కొమ్మలు పంపినా నోరు విప్పలేదు, నేను కట్టినా నోరు విప్పలేదు. ఇద్దరం ఆయన పిల్లలమే.

టాబితా నీకు ఒక ప్రశ్న పంపింది: ‘మామయ్యా, తాత చెట్టు కొట్టిన దెబ్బ పాపం కింద లెక్కా, దీవెన కిందా?’

జెరూషా


బెతెల్
1798 అక్టోబరు 19

అన్నయ్యా,

నిన్న కమిటీ వచ్చింది. కల్నల్ ప్రాక్టర్ అని ఒక పెద్దమనిషి, ఇంకో ఇద్దరు, రాసుకోవడానికి ఒక గుమాస్తా. ఊరు ఊరంతా మా కంచె మీద వాలింది. ఎనోక్ పంతులుగారు బడికి సెలవిచ్చేశాడు. తన వంతు కూడా ఉందని ఆయన లెక్క.

మొదటి వరస చూశారు, రెండో వరస చూశారు. మూడో వరస చివర కల్నల్‌గారు ఆగాడు. వంగి ఆకు పట్టుకుని చూశాడు.

‘ఇదేం జాతమ్మా? మిగతావాటిలా లేదే.’

‘సలోమె జాతండి.’

‘ఎవరా సలోమె? మీ కనెటికట్ ఆవిడా?’

‘కాదండి, ఈ ఒడ్డు మనిషే. మనకంటే ముందు ఇక్కడ తోట వేసినావిడ. అదుగో, కంచె దగ్గర నిలబడి ఉంది.’

ఆయన అటు చూశాడు. యుద్ధంలో ఈ వైపు వచ్చినవాడట, తర్వాత తెలిసింది. మొహం ఎర్రబడింది. ‘నరికేసిన చెట్లు ఇవి’ అన్నాడు మెల్లగా.

‘నరికారండి. చావలేదు’ అన్నాను.

ఆ కొన్ని చెట్లూ కాదన్నాడంటే అంతా పోయినట్టే. ఆయన ఆ మొక్క మొదలు దగ్గర మోకాలు ఆనించి, అంటు అతుకు వేలితో తడిమి చూశాడు. లేచి మట్టి దులుపుకుని, ‘అతుకు పట్టింది. షరతులో అంటు అన్నారు గానీ ఎవరి అంటో అనలేదు. రాసుకోవయ్యా’ అన్నాడు.

అన్నయ్యా, యాభై నిలిచాయి!

గుమాస్తా కాగితం మీద ‘రూబెన్ టిల్లీ భార్య’ అని మొదలుపెట్టాడు. ‘ఆయన భార్యనే. కానీ నాకో పేరుంది, అది రాయండి’ అన్నాను. జెరూషా టిల్లీ అని రాశారు. నా పేరు అంత పెద్ద అక్షరాల్లో నేనెప్పుడూ చూడలేదు. మన ఇంటి పరువు నిలబెట్టానని, రూబెన్ చెమట వృథా పోనివ్వలేదని నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను, దాచుకోనూ దాచుకోను. ఆ కాగితం చేత్తో పట్టుకుని సలోమె అవ్వ వైపు మాత్రం సూటిగా చూడలేకపోయాను. అదీ నిజమే, అదీ రాస్తున్నాను. ఆమె కొమ్మలతో కట్టిన చెట్ల కాపు ఆమెది, ఆమె పిల్లలది అని టాబితా చేత చెప్పించాను. కంచెకి నది వైపున ఒక తలుపు పెట్టిస్తున్నాను. దానికి గొళ్లెం ఉండదు. ఇది న్యాయం అయిపోయిందని నేను అనను.

ఇక ఒక మాట వెనక్కి తీసుకోవాలి. నాన్న చెయ్యి నాకిచ్చాడని, నీకివ్వలేదని రాశాను ఫిబ్రవరిలో. నేను కట్టాను, నిజమే. కానీ ఆ పుల్ల నాదని నాకు చెప్పింది నీ కోత. నీ ఎడమచెయ్యి లేకపోతే నేను ఆ ముక్కని పొయ్యిలో వేసి రొట్టె కాల్చుకునేదాన్ని. ఈ పొలాన్ని నిలబెట్టింది నీ చెయ్యే అన్నయ్యా.

జెరూషా టిల్లీ
(కాగితం మీద ఉన్నట్టే సంతకం పెట్టాను)


విండమ్
1798 డిసెంబరు 3

నా తల్లీ జెరూషా,

నీ ఉత్తరం శనివారం వచ్చింది. ఆదివారం రెండు ప్రార్థనల మధ్య, మందిరం పక్క విడిదింట్లో అందరూ పొయ్యి చుట్టూ చేరి రొట్టె తింటున్నప్పుడు, నేను లేచి నిలబడి మొదటి నుంచి పైకి చదివాను. చేసినదాన్ని డప్పు కొట్టుకోవడం అలవాటు లేదని నీకు రాశాను కదా, ఆ అలవాటు ఆదివారం అయింది. కల్నల్ దగ్గరికి వచ్చేసరికి ఆగి ముక్కు తుడుచుకున్నాను. మీ వదిన ఉత్తరం లాక్కుని మిగతాది చదివింది. ‘యాభై నిలిచాయి’ అన్నప్పుడు పాస్టరుగారు ‘ఆమెన్’ అన్నారు, మందిరం బయట, రొట్టె చేతిలో పట్టుకుని! డీకన్ జెబులన్ రొట్టె నమలడం ఆపి, ‘అయితే ఆవిడ ఇక రాదన్నమాట’ అన్నాడు. ‘రాదండి. మీరు చూడాలంటే మీరే అక్కడికి వెళ్లాలి, తోడేళ్లకి ఆవిడ చెప్పి ఉంచుతుంది’ అన్నాను. రెండో వరసలో కూర్చునేవాడు అనకూడని మాట. అనేశాను.

నా చేతి గురించి నువ్వు రాసిన చోటు మాత్రం మీ వదినను పైకి చదవనివ్వలేదు. అది నాది.

నీకు గుర్తుందో లేదో, నువ్వు చిన్నదానివి. నేను ఎడమచేత్తో కత్తి పట్టినప్పుడల్లా నాన్న ఆ చేతి మీద కొట్టేవాడు. దేనితోననుకున్నావు? ఆ చెట్టు కొమ్మతోనే. అందరి ముందూ కుడిచేత్తో కోసేవాణ్ణి, అందుకే నా అంట్లు ఎండేవి. ఎవరూ చూడనప్పుడు మాత్రం ఎడమచేత్తో కోసేవాణ్ణి. జనవరిలో ఆ మంచులో నిచ్చెన మీద నన్ను చూసేవాళ్లు ఎవరూ లేరు. ఇన్నేళ్లూ దాచుకున్న చెయ్యి జెరూషా ఇది. దాన్ని నువ్వు ఎనిమిది వందల మైళ్ల అవతల గుర్తుపట్టావు. నాన్న ఉంటే ఏమనేవాడో గానీ, నేను మాత్రం ఇవాళ పొద్దున గొడ్లదొడ్లో అందరి ముందూ ఎడమచేత్తోనే పనిచేశాను.

టాబితాకి నా జవాబు: దీవెనే. కానీ పంతులుగారు వింటుండగా అనొద్దని చెప్పు.

ఇప్పుడు అడుక్కోవడం నా వంతు. నాన్న చెట్టు పక్కన గోడవారగా చోటు బాగుచేయించాను. సలోమె గారి చెట్టు కొమ్మలు నాలుగు నాకు పంపు, తియ్యనిదానివే. ముందు ఆమెను అడుగు. ఇవ్వనంటే బలవంతం వద్దు. ఇస్తే ఇక్కడ నాటి, ఇది ఎవరి చెట్టని అడిగినవాళ్లందరికీ ఆమె పేరే చెప్తాను.

పేరు సిరాతో రాయకు. చెక్క ముక్క మీద కత్తితో చెక్కి కట్టకు బిగించి కట్టు. మా ఊరికీ ఈ మధ్య కొత్త బడిపంతులు వచ్చాడు.

నీ ఎడమచేతి అన్నయ్య
ఎలిఫలెట్